కాటుక కారు

మొండయ్యకు నలుపంటే గిట్టదు. ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి, ప్రతిరోజూ నల్లగా పైకొచ్చి, సబ్బు బిళ్ల అరిగేదాకా ఒళ్లు తోముకున్న మనిషి ఆయన. రిటైరై అయిదేళ్లయినా ఆ పగ చల్లారలేదు. ఎక్కడ నల్లటి మరక కనిపించినా చెయ్యి ఊరుకోదు. మసిబట్టిన చాయ్ గిన్నెను భార్య ఎల్లక్క ఆయన కంటబడకుండా దాచుకోవాల్సిందే. దొరికిందా, అడుగు పలచబడేదాకా తోమి గాని వదలడు.

ఈ తోముడు పిచ్చికి బొమ్మకార్లతో ఒక దారి దొరికింది. మంచిర్యాలలో ఆయన ఇంటి ముందు గదిలో ఒక బల్ల, దాని మీద భూతద్దం బిగించిన లైటు, చుట్టూ డబ్బాలు. ఆయన దగ్గరికి వచ్చేవి రేకు బొమ్మలు కావు, ప్లాస్టిక్‌వి అసలే కావు. జింకు కరిగించి అచ్చులో పోసి చేసిన డై-కాస్ట్ కార్లు. అరచేతిలో ఇమిడే బండే అయినా చేతికి బరువు తెలుస్తుంది. వీటిని పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ అపురూపంగా దాచుకుంటారు. కరీంనగర్ నుంచి, హైదరాబాద్ నుంచి కొరియర్‌లో ఆయనకు పంపిస్తారు. మొండయ్య అడుగునున్న రివిట్లను సన్న డ్రిల్లుతో తొలిచి, బండిని విప్పి, కుంకుడు రసంలో నానబెట్టి, పళ్ల బ్రష్షుతో తోమి, వంగిన ఇరుసును సరిచేసి, మళ్లీ బిగించి పంపుతాడు. అందుకున్నవాళ్లు ఫోన్ చేసి "కాకా, నువ్వు దేవునివే" అంటారు. ఆ మాట ఎల్లక్కకు చెబితే "దేవుడైతే గిన్నెలకు తూట్లు పొడువడు" అని లోపలికి పోతుంది.

జూన్ మూడో వారంలో ఆమని వచ్చింది. కరీంనగర్‌లో బ్యాంకు ఆఫీసరు, నలభై అయిదేళ్లుంటాయి. హ్యాండ్‌బ్యాగులోంచి చేతిరుమాలు మూట తీసి బల్ల మీద విప్పింది. లోపల ఒక నల్ల కారు. చక్రాలు తిరగడం లేదు, ముందు ఇరుసు వంకర పోయింది, ఒళ్లంతా మెరుపు లేని గరుకు నలుపు.

"నాకు అయిదేండ్లున్నప్పుడు మా బాపు కొనిచ్చిండు కాకా," అంది ఆమని. "పరశురాములు అని, గని మేనేజరు కారుకు డ్రైవరుండె. హైదరాబాద్ పోయినప్పుడు నాకోసం దుకాణాలన్ని తిరిగి కొన్నడు. గిప్పటికీ వచ్చినోళ్లకూ పోయినోళ్లకూ గదే ముచ్చట చెప్తడు. జూలై ఒకటికి ఎనబై నిండుతయి. కండ్లు ఆనుతలేవని మొన్ననే డ్రైవింగు బంద్ చేసిండు. మన కారు ఏడున్నది బిడ్డా అని ఊకె అడుగుతుండు. జర సాఫ్ చేసి, టైర్లు తిరిగేటట్టు చేసియ్యుండ్రి. ఆయన చేతుల పెట్టాలె."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. గీ మురికి సంగతి నాకిడిసిపెట్టు," అన్నాడు మొండయ్య.

ఆ కాలంలో బాయిలో చేరినవాళ్లలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు, రిజిస్టరు రాసిన గుమాస్తా దయవల్ల. మొండయ్య పుట్టినరోజూ అదే. అందుకని ఆయనకు ఈ పని మీద ఇంకాస్త మమకారం కలిగింది. ఆమని బస్సు టైమైందని వాచీ చూసుకుంటూ లేచింది. మురికి అన్న మాట ఆమె పట్టించుకోలేదు. నలభై ఏళ్లుగా అది ఆమెకు నల్ల కారే మరి.

మొండయ్య కంటికి మాత్రం అది బొగ్గు మసి. బాయి పక్క క్వార్టర్లలో పెరిగిన బొమ్మకు మసి పట్టకుండా ఎలా ఉంటుంది? అక్కడ ఆరేసిన బట్టలకు పడుతుంది, మందార ఆకులకు పడుతుంది, పెరుగు గిన్నె మూత తీసిపెడితే పెరుగుకూ పడుతుంది. హైదరాబాద్‌లో ఏ పనివాడి చేతికిచ్చినా నల్ల కారును నల్ల కారనే అనుకునేవాడు. ఈ తప్పు చేయడానికి బొగ్గుబాయి మనిషే కావాలి.

కుంకుడు రసానికి ఆ నలుపు కదల్లేదు. మొండయ్యకు పౌరుషం వచ్చింది. థిన్నరు పోసి, బ్రష్షు పట్టి, నడుం బిగించి కూర్చున్నాడు. అరగంటలో పళ్లెం నిండా నల్లనీళ్లు, వాటి మధ్యలోంచి మీగడ రంగు కారు బయటికొచ్చింది. నిన్ననే దుకాణం నుంచి తెచ్చినట్టుంది. మొండయ్య సంబరం అంతా ఇంతా కాదు.

"ఏమే! ఇటు రాయే! నలభై ఏండ్ల మసి వదిలిచ్చిన సూడు!"

ఎల్లక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కారు చూసింది, పళ్లెం చూసింది, విడిగా తీసిపెట్టిన అద్దాలు చూసింది.

"మసైతే అద్దాలకు గూడ పట్టాలె గదయ్యా," అంది. "గివి సాఫున్నయేంది? అంచులకు బ్రష్షు గీతలున్నయి. గిది మసి కాదు. ఎవలో పూసిన రంగు."

మొండయ్య సంబరం ఉన్నపళాన చల్లారిపోయింది. కారును లైటు కిందికి జరిపాడు. అప్పుడు కనిపించింది ఎడమ తలుపు మీద. మేకుతో గీకిన రెండక్షరాలు. ఎగుడుదిగుడుగా, పసివాళ్ల చేతిరాతలో, 'భాను'.

"ఆ పిల్ల పేరు ఆమని గదా?" అంది ఎల్లక్క.

"అవ్."

"దుకాణాలన్ని తిరిగి కొన్న కారు మీద ఇంకొకల పేరెందుకుంటదయ్యా?"

మొండయ్యకు సంగతి అర్థమైంది. ఎవరి బండినో తెచ్చి, ఆ పేరు కనబడకుండా నల్లరంగు పూసి, నీకోసమే కొన్నానని బిడ్డ చేతిలో పెట్టాడు ఆ తండ్రి. నలభై ఏళ్లుగా ఆ బిడ్డ ఆ మాటను మురిపెంగా చెప్పుకుంటోంది. ఎనభయ్యో పుట్టినరోజున, ఆయన అబద్ధాన్ని తళతళలాడించి ఆయన చేతికే ఇప్పించబోతున్నాడు మొండయ్య. ఒకరి కొంపలో ఇంత గడబిడ చేసే హక్కు తనకెవరిచ్చారని తనను తానే తిట్టుకున్నాడు.

ఆమని చూసేలోగా ఆ నలుపు మళ్లీ రావాలి. అదొక్కటే దారి.

మరునాడు బజారుకు పోయి నల్ల ఎనామిల్ తెచ్చి కొట్టాడు. ఎల్లక్క చూసి "పెండ్లికి పోతున్నట్టున్నది" అంది. నిజమే, ముఖం చూసుకునేంత మెరుపు. తుడిచేశాడు. మెరవని నలుపు తెప్పించి కొట్టాడు. అది పలకలాగా బూడిదగా తేలింది. తుడిచేశాడు. ఆఖరికి బొగ్గునే మెత్తగా నూరి వార్నిష్‌లో కలిపి పూస్తే ఇసుక చల్లినట్టయింది. మూడు రోజులు గడిచాయి. జన్మంతా నలుపును వదిలించుకున్న మనిషి, ఇప్పుడు అదే నలుపు కోసం ఊరంతా తిరుగుతున్నాడు. ఎల్లక్కకు నవ్వాగలేదు.

"పూసినోన్నే పోయి అడుగు," అంది.

"ఏమని అడగాలె? నీ దొంగతనం దొరికిందని చెప్పాల్నా?"

"దొంగతనమని నీకెవలు చెప్పిండ్రు? పోయి అడిగితే గదా ఎరుకైతది. గీడ కూసోని ఆయన మీద కేసు రాస్తవేంది?"

పరశురాములు భార్య యాదవ్వతో కలిసి ఆసిఫాబాద్‌లో ఉంటున్నాడని పాత డ్రైవర్లను అడిగితే తెలిసింది. తెల్లవారి మొండయ్య కారును స్టీలు టిఫిను డబ్బాలో దూది మధ్య పెట్టి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ప్యాసింజరు బండెక్కాడు. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో దిగి, ముసురులో ఆటో పట్టుకున్నాడు. దారి పొడవునా ఏం మాట్లాడాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు. తీరా అరుగు మీద మందపాటి కళ్లద్దాల ముసలాయన "ఎవలు తమ్మీ?" అని అడిగేసరికి నాలుగూ మర్చిపోయాడు. నోరు తెరవకుండా డబ్బా మూత తీసి ముందు పెట్టాడు.

పరశురాములు కారును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. రంగు చూశాడు. బొటనవేలు తలుపు మీదికి పోయి, ఆ రెండక్షరాల దగ్గర ఆగింది.

"గీ పేరు నా బిడ్డ సూసిందా?" అన్నాడు. ముందుగా అడిగింది ఆ మాటే.

"సూడలే అన్నా. నేను, నా ఇంటామె తప్ప ఎవ్వలు సూడలే. మసి అనుకోని నేనే తుడిసిన. తప్పు నాదే."

ముసలాయన అరుగు మీదున్న నులక మంచంలో కూర్చున్నాడు. ఆ తర్వాత దాచలేదు.

"దొంగతనం చెయ్యలే తమ్మీ. మేనేజరు దొరకు ట్రాన్స్‌ఫరైతదని ఇల్లు సదురుకుంటుండ్రు. ఇరుసు వంగిందని వాళ్ల పిలగాడు భాను గీ బండిని పారేసిండు. దొరసాని తీసి, నీ బిడ్డకియ్యి పరశురాములు అన్నది. తీసుకున్న. తొవ్వల మనసొప్పలే. పారేసిన బండి నా బిడ్డకియ్యాల్నా? హైదరాబాద్‌ల కొన్న అని బిడ్డకు చెప్పిన. దొర ట్రాన్స్‌ఫర్ ఆర్డరు తీరా సూస్తే కేన్సిలైంది. ఆ పిలగాడు ఇంకా రెండేండ్లు గాడనే ఉండె. మా బిడ్డ బండి పట్టుకోని ఆడుకుంటుంటే, అది నాది అని వాడెన్నడంటడో అని నాకు పానం పానంల లేకుండె. అందుకే నల్లగ పూసిన. దొర కారు లెక్కనే ఉన్నది సూడు అన్న. అది నమ్మింది."

"ఏం రంగు అన్నా అది? మంచిర్యాలంత తిరిగిన, దొరకలే."

పరశురాములు ఇంటి లోపలికి ఒకసారి దొంగచూపు చూసి, గొంతు తగ్గించాడు. "కాటుక."

తగ్గించి లాభం లేకపోయింది. చాయ్ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడింది యాదవ్వ.

"కాటుకనా! చిన్నబిడ్డ నవత కోసం ఆముదం దీపం పెట్టి పట్టిన కాటుకనా? డబ్బాకు డబ్బా మాయమైతే పిల్లి ఎత్తుకపోయిందంటివి గదయ్యా! నలభై ఏండ్ల సంది ఆ పిల్లిని తిడుతున్న! హైదరాబాద్‌ల కొన్న అని నాకు గూడ చెప్తివి!"

"పిల్లి సచ్చిపోయి గూడ ముప్పై అయిదేండ్లాయె. ఇప్పుడేమంటవే," అన్నాడు పరశురాములు.

యాదవ్వ కోపంగా చూడాలని చూసింది గాని చేతగాలేదు. నవ్వి, నవ్వి, చాయ్ ఒలకబోసి, మళ్లీ తెచ్చింది. ఆ తర్వాత పని ఆవిడే మొదలుపెట్టింది. ప్రమిదలో ఆముదం పోసి, వత్తి వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించింది. గంటన్నరలో పళ్లెం అడుగున నల్లటి మెత్తటి పొడి పేరుకుంది. దాన్ని తమలపాకు తొడిమతో గీకి తీస్తుంటే మొండయ్య నోరు తెరుచుకుని చూశాడు. నలుపు అంత మెత్తగా ఉంటుందని ఆయనకు తెలియదు. బాయిలో ముప్పై ఆరేళ్లు చూసింది వేరే నలుపు.

పూసే ముందు పరశురాములు ఒకటి అడిగాడు.

"ఆ పేరు లేకుంట చెయ్యస్తదా తమ్మీ? రంగు పూసినంక గూడ వేలు పెడితే తగులుతుండె. బిడ్డ ఆ బండి ముట్టినప్పుడల్ల నాకు గుండెల దడ పుట్టేది."

చెయ్యొస్తుందా అని మొండయ్యనా అడగడం? సంచిలోంచి లప్పం తీసి గీతల్లో నింపాడు. ఆరాక జీరో నంబరు ఎమరీ కాగితం తడిపి, నెమ్మదిగా, అంచు తెలియకుండా రుద్దాడు. కళ్లు మూసుకుని తడిమినా అక్కడ ఏదో ఉండేదని ఎవరూ చెప్పలేరు. తన పని చూసుకుని తనకే ముచ్చటేసింది. అప్పట్లాగే కాటుకను వార్నిష్‌లో కలిపి పరశురాములే పూశాడు. ఆయనకు కళ్లు సరిగ్గా ఆనవు కాబట్టి మొండయ్య బండిని పట్టుకుని, బ్రష్షు వచ్చే దిక్కుకు తిప్పుతూ కూర్చున్నాడు. రెండు పూతలు పడేసరికి పాత నల్ల కారు వచ్చేసింది. మెరుపు లేని, మెత్తటి నలుపు.

"నా బిడ్డకు చెప్పద్దు తమ్మీ."

"చెప్పనన్నా. నా మాట నమ్ము."

"నేను గూడ ఏం ఎరుకలేనట్టే ఉంట. నటించుడు నాకు అలవాటే," అన్నాడు పరశురాములు. యాదవ్వ మళ్లీ నవ్వు మొదలుపెట్టింది.

ముసురుకు వార్నిష్ ఆరక మొండయ్య ఇంటికి తెచ్చి రెండు రోజులు బల్బు కింద పెట్టి కాపలా కాశాడు. ఇరుసు సరిచేశాడు, అద్దాలు పెట్టాడు, కొత్త రివిట్లు కొట్టాడు. జూన్ ముప్పైన ఆమని వచ్చేసరికి కారు బల్ల మీద సిద్ధంగా ఉంది. వేలితో నెడితే ఆ చివరిదాకా పోయింది. ఆమని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"గట్లనే ఉన్నది కాకా! అచ్చం గట్లనే!"

మొండయ్య గుండె తేలికపడింది. ఆమని కారును చేతిలోకి తీసుకుంది. బొటనవేలు దానంతటదే ఎడమ తలుపు మీదికి పోయింది. రాసింది. మళ్లీ రాసింది. ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"కాకా, ఈడ అక్షరాలుండె గదా?"

మొండయ్య బల్ల మీది పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు. "ఏం అక్షరాలు బిడ్డా?"

"భాను అని. కంటికి ఆనవు, వేలికి తగులుతయి."

"నీకు... ఎరుకనా?"

"ఒకటో తరగతిల నాకు 'భా' రాకపోయేది. సారు ఊకె కొడుతుండె. ఒకనాడు గీ తలుపు మీద వేలు పెట్టి సూస్తే తగిలింది. గట్ల వేలు తిప్పుకుంట తిప్పుకుంట నేర్చుకున్న," అంది ఆమని. "భాను అంటే మేనేజరు సారు కొడుకు. వాళ్ల బండని గప్పుడే సమజైంది. అయినా బాపు దుకాణాల ముచ్చట చెప్తుంటే మస్తు మంచిగనిపించేది. ఇంకేడేడ తిరిగినవు బాపు అని అడిగేదాన్ని. అడిగినప్పుడల్ల ఇంకో దుకాణం కలిపేటోడు. ఒక అబద్ధం కోసం గంత కష్టపడ్డడంటే, నేనంటే ఎంత పానమో గదా కాకా."

మొండయ్య తల వంచుకున్నాడు. ఆయన చేసిన తోముళ్లలో మొట్టమొదటిసారి ఒకదానికి సిగ్గుపడ్డాడు. ఒక పిల్ల అక్షరం దిద్దుకున్న పలకను ఎమరీ కాగితంతో చెరిపేసి, పైగా ముచ్చటపడ్డాడు కూడా. ఎవరు చెరపమన్నారో చెప్పడానికి లేదు, మాటిచ్చాడు.

"గరుకుగ తగిలితే రుద్దిన బిడ్డా. నా చెయ్యి ఆగదు. తప్పైంది. మల్ల గీకియ్యాల్నా?"

ఆమని కారును బల్ల మీద ముందుకూ వెనక్కూ నడిపి చూసింది.

"వద్దు కాకా," అంది చివరికి. "బాపు ఎన్నడూ గీ తలుపు దిక్కు పట్టుకోడు. అటుదిక్కు నుంచి పట్టుకుంటడు, నిప్పు ముట్టినట్టు. రేపన్న మంచిగ పట్టుకోనీ." కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఒక్కటే మాట. నాకు ఎరుకన్న ముచ్చట బాపుకు చెప్పకుండ్రి. ఎవ్వలకు చెప్పకుండ్రి."

"చెప్పను బిడ్డా. నా మాట నమ్ము," అన్నాడు మొండయ్య. వారం తిరగకుండానే తండ్రికీ బిడ్డకూ ఒకటే మాట ఇచ్చాడు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పేయాలని నాలుక దురద పెట్టింది గాని, వాళ్లిద్దరూ అంత జాగ్రత్తగా దాచుకున్నదాన్ని విప్పడానికి తానెవరు?

మరునాడు మధ్యాహ్నం, ఎల్లక్క తన మొగుడి పుట్టినరోజని పాయసం వండుతుండగా ఫోన్ మోగింది.

"కాకా, బాపు చేతుల పెట్టిన," అంది ఆమని. వెనక మనుషుల సందడి, నవ్వులు వినిపిస్తున్నాయి. "ముందుగాల ఆ తలుపు మీదనే వేలు రాసిండు. అటు రాసిండు, ఇటు రాసిండు. ఇగ ఆయన ముఖం సూడాలె! అవ్వ ఎందుకో గాని కొంగు నోట్లె కుక్కుకోని నవ్వుతనే ఉన్నది. అందరిని కూసోపెట్టి హైదరాబాద్ ముచ్చట మొదటి నుంచి షురూ చేసిండు. ఇన్నేండ్లల్ల అంత మంచిగ ఎన్నడూ చెప్పలే."

"ఎన్ని దుకాణాలు తిరిగిండట?" అన్నాడు మొండయ్య.

"గీసారి పదకొండు కాకా," అంది ఆమని. "పన్నెండోది ఏది బాపు అని అడిగిన. గిప్పుడు గదే చెప్తుండు."